రెండుకీ మూడుకీ మధ్య

కుస్తీ కంపెనీలో ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి నుంచి ఓనరు దాకా అందరికీ ఆమె చెల్లెమ్మే. ఎవరి చెల్లెలని అడిగే పని కూడా లేదు. హాలు గోడల మీద, బస్సుల వెనక, టీవీ ప్రకటనల్లో చేతులు పైకెత్తి గర్జిస్తూ కనిపించే పిడుగుకి స్వయానా చెల్లెలు.

పిడుగు పేరు చెబితే ఒక తరం మొత్తానికి ఒళ్ళు పులకరించేది. అతను రింగు చుట్టూ కట్టిన తాళ్ళలో పైతాడు మీదికెక్కి, ఒక్క క్షణం అలా నిలబడి, కిందున్న వాడి మీదికి దూకితే హాలు దద్దరిల్లిపోయేది. చెల్లెమ్మ కూడా వయసులో ఉన్నప్పుడు రింగులోకి దిగింది. జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉండగానే అయిపోయే మొదటి పోటీల్లో కొన్నేళ్ళు కుస్తీ పట్టింది. ఒకనాడు మోకాలు మెలితిరిగి, మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదు. ఇక ఇంట్లో కూర్చోవాల్సిందేననుకుంటూ ఉంటే అన్నయ్యే ఓనరు దగ్గరికెళ్ళి, "రింగులో ఎవడు ఎక్కడ అడుగేస్తాడో దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. రిఫరీ చొక్కా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చారు. అప్పటినుంచి నల్లచారల చొక్కా తొడుక్కుని, అన్నయ్య ఇంటి మేడమీది గదిలో ఉంటూ, ఆ పనే చేసుకొస్తోంది.

ఆ ఆటలో ఎవరు గెలవాలో ఓనరు ముందే తేల్చేస్తాడు. ఆ సంగతి చూసేవాళ్ళలో సగం మందికి తెలుసు, తెలిసీ పట్టించుకోరు. కానీ గెలుపు రాసిపెట్టి ఉన్నంత మాత్రాన పడటం ఉత్తుత్తిది కాదు. చెక్కపలకల మీద పరిచిన పల్చటి పరుపు మీద ఒళ్ళు నిజంగానే పడాలి. అందుకే రిఫరీకి, ఒకడి మీద ఇంకొకడు పడుకుంటే మూడుసార్లు నేల కొట్టి లెక్కపెట్టడం, అంతలో కిందివాడి భుజం లేవకపోతే గంట కొట్టించి ఓడాడనడం కాక ఇంకో పని ఉంటుంది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో ఓనరు చెప్పే మాటలు కుస్తీవాళ్ళకి చేరవెయ్యాలి. ఎవరైనా గట్టిగా పడితే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకోవాలి. పడినవాడు తిరిగి చెయ్యి నొక్కితే బాగున్నట్టు. జనానికి అది కనపడదు.

పిడుగు కొన్నేళ్ళ కిందటే ఆట మానేశాడు. వీడ్కోలు పోటీ పెట్టారు, జనం ఏడ్చారు, అతనూ ఏడ్చాడు. చెల్లెమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. కానీ అతను వెళ్ళాక హాల్లో వెనక వరసలు ఖాళీ అయ్యాయి. కొత్తవాళ్ళు గాల్లో గిరికీలు కొట్టినా టీవీ ముందు కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. 'పాతవాళ్ళలో ఒకరినైనా తీసుకురండి, లేకపోతే మీ కార్యక్రమం ఆపేస్తాం' అన్నారట చానల్ వాళ్ళు. ఓనరు తిన్నగా ఇంటికొచ్చి సోఫా అంచున వినయంగా కూర్చున్నాడు.

"ఒక్కసారి కనపడు చాలు. చెయ్యూపి వెళ్ళిపో" అన్నాడు.

పిడుగు చెయ్యూపడానికని వెళ్ళాడు. హాలు లేచి నిలబడి అరిచేసరికి అతనికి పూనకం వచ్చినంత పనైంది. చెయ్యూపడం కాస్తా ఒక తోపుడైంది, తోపుడు ఒక పోటీ అయింది, పోటీ నెలనెలా అయింది. పోస్టర్ల మీద వేసింది నిండా జుట్టున్నప్పటి ఫోటో. అతను తిరిగి ఆడటం మొదలుపెట్టాక ఆట బట్టల నడుము వదులు చేసి కుట్టింది వదినే. కుట్టినంతసేపూ పళ్ళ బిగువున ఉండి, కుట్టాక విసురుగా మంచం మీద పడేసేది.

ప్రతి పోటీలోనూ గెలుపు పిడుగుదే. అతను ఓడిపోతే జనం రారని ఓనరు భయం. గెలుస్తున్నకొద్దీ కొత్తవాళ్ళలో ఎవడి మొహమూ జనానికి గుర్తుండటం లేదన్న సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

చెల్లెమ్మకి మొదట అనుమానం వచ్చింది బూటు తాళ్ళ దగ్గర. పోటీకి ముందు గదిలో అన్నయ్య బెంచీ మీద వంగి కూర్చుని, ఎంతకీ ముడి వెయ్యలేకపోతున్నాడు. వేళ్ళు తాడు మీదినుంచి జారిపోతున్నాయి.

"ఏమైందన్నయ్యా?"

"ఏం కాలేదు. చేతులు చల్లబడ్డాయి."

ఆమె కింద కూర్చుని ముడి వేసింది. ఇంట్లో కూడా కాఫీ గ్లాసు జారి పడింది. సబ్బు చేతులన్నాడు. చొక్కా వేసుకునేటప్పుడు మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పుతున్నాడు. పట్టేసిందన్నాడు. అడిగితే ఒక సాకు, అడక్కపోతే ఒక నవ్వు.

చెల్లెమ్మ ఓనరు గదికి వెళ్ళింది. "అన్నయ్య ఎడమ చేతికి పట్టు చాలటం లేదండీ. మెడకి ఏదో అయింది. పెద్దాసుపత్రిలో చూపించేదాకా ఆపండి" అంది.

"మన డాక్టరు చూశాడుగా?"

"చూసిందేముంది? తలుపు దగ్గర నిలబడి 'ఎలా ఉన్నారు' అన్నాడు. అన్నయ్య 'భేష్' అన్నాడు."

ఓనరు నవ్వాడు. "చూడు చెల్లెమ్మా, ఈసారిది మామూలు పోటీ కాదు, ప్రత్యక్ష ప్రసారం. టికెట్లన్నీ అయిపోయాయి. వాళ్ళు కొన్నది నా హాల్లో కుర్చీ కాదు, మీ అన్నయ్య దూకే దూకు. ఇది అయిపోనీ, తర్వాత ఎంతకాలం కావాలంటే అంతకాలం విశ్రాంతి."

ఆ రోజు ఇంటికెళ్ళి వదినకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇద్దరూ కలిసి అన్నయ్యని నిలదీశారు. అతను టీవీ కట్టేసి, ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఇంట్లో కూర్చుని నన్నేం చెయ్యమంటారు? బీరువా మీద దుమ్ము దులపమంటారా?"

"దులపండి, తప్పేముంది? ఇన్నేళ్ళుగా నేను దులపటం లేదూ?" అంది వదిన.

"అక్కడ అంతమంది నా పేరు అరుస్తుంటే ఎలా ఉంటుందో నీకు తెలీదే."

"తెలీదు. మీరు కింద పడ్డప్పుడు ఇంట్లో కూర్చుని చూస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలీదు."

అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పోటీ రోజున వదిన, బయల్దేరుతున్న చెల్లెమ్మని మెట్ల దగ్గర ఆపి, మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, నేను రాలేను, వచ్చి చూడలేను. అక్కడ ఆయనకి అందేంత దూరంలో ఉండేది నువ్వొక్కదానివే. నీకే అప్పజెబుతున్నా."

చెల్లెమ్మ సరేనంది.

ఆ సాయంత్రం పిడుగుతో తలపడాల్సిన వాడిని ఇంజన్ అంటారు. తలుపంత వెడల్పున్న కుర్రవాడు, మాట మాత్రం మెత్తన. పోటీకి ముందు నడవాలో గోడకి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు.

"అక్కా, ఆయన్ని నెత్తి మీదికెత్తి రెండుసార్లు వెయ్యాలంట. ఆ తర్వాత ఆయన లేచి, పైనుంచి దూకి నన్ను ఓడిస్తాడంట. ఓడిపోవడం నాకేం కాదు. ఆ ఎత్తి వెయ్యడమే... నా చిన్నప్పుడు మా గోడ మీద ఆయన బొమ్మ ఉండేదక్కా."

చెల్లెమ్మ అన్నయ్య గదిలోకి వెళ్ళింది. "ఆ ఎత్తి వెయ్యడాలు తీసేద్దాం. తోపులాటతో సరిపెట్టుకో" అంది.

"నన్ను గాజుబొమ్మలా పట్టుకుంటే జనం నవ్విపోరూ?" అన్నాడు పిడుగు. అద్దంలో ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు ఉన్నావుగా చెల్లీ. నాకేమవుతుంది?"

హాలు కిక్కిరిసి ఉంది. పిడుగు పాట మొదలవగానే వచ్చిన అరుపులకి రింగు స్తంభాలు అదరడం చెల్లెమ్మ అరికాళ్ళకి తెలిసింది. అన్నయ్య తాళ్ళ మధ్యనుంచి లోపలికి రాగానే అతనిలో పదేళ్ళు తగ్గిపోయాయి. ఆ మాయ ఎన్నిసార్లు చూసినా ఆమెకి అర్థం కాదు. గంట మోగింది.

మొదట అంతా బాగానే సాగింది. పిడుగు ఛాతీ మీద చరిచాడు, ఇంజన్ వెనక్కి తూలాడు. జనం లెక్కపెట్టి మరీ అరుస్తున్నారు. చెల్లెమ్మ కళ్ళు అన్నయ్య ఎడమ చేతి మీదే ఉన్నాయి. ఆ చేత్తో అతను దేన్నీ పట్టుకోవటం లేదు.

ఇంజన్ మొదటిసారి ఎత్తి వేశాడు. నిదానంగా, దింపినట్టే వేశాడు. పిడుగు వీపు మీద చక్కగా పడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే నొక్కాడు, కుడిచెయ్యి. "బాగున్నా, పో" అన్నాడు పెదవి కదపకుండా.

"ఇంకోటి. ఈసారి గట్టిగా వెయ్యమను" అన్నాడు చెవిలో ఓనరు. ఆమె ఆ మాట ఇంజన్‌కి చేరవెయ్యలేదు. చేరవెయ్యకపోయినా రెండోది ఎలాగూ ఉంది. ఇంజన్ ఎత్తాడు. గాల్లో ఉండగా పిడుగు అలవాటుగా అతని భుజం పట్టుకోబోయాడు. ఎడమ చెయ్యి జారిపోయింది. తల లోపలికి ముడుచుకోవడం ఒక్క రవ్వ ఆలస్యమైంది.

పడిన చప్పుడు వేరుగా ఉంది. పలక మోగలేదు. గోడకి బస్తా తగిలినట్టు మొద్దుగా వినిపించింది.

చెల్లెమ్మ మోకాలు నొప్పి మరిచిపోయి అతని పక్కన కూలబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి అందుకుంది.

"అన్నయ్యా, నొక్కు."

"నొక్కానుగా" అన్నాడు పిడుగు.

ఆమె అరచేతిలో అతని వేళ్ళు తడిబట్టలా పడున్నాయి.

"గట్టిగా నొక్కు."

"నొక్కుతున్నానే! నీకేమైంది? పక్కకి తప్పుకో, నన్ను లేవనీ."

అతను అబద్ధం చెప్పటం లేదు. నిజంగానే నొక్కుతున్నాననుకుంటున్నాడు.

చెల్లెమ్మ లేచి, రెండు చేతులూ తల మీద కత్తెరలా అడ్డంగా పెట్టింది. నిజంగా దెబ్బ తగిలిందని, వైద్యం కావాలని కంపెనీలో అందరికీ తెలిసిన సైగ అది. రింగు పక్కన కుర్చీలో ఉన్న డాక్టరు సగం లేచి, ఓనరు కూర్చున్న అద్దాల గది వైపు చూశాడు. చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"చేతులు దించు!" చెవి చిల్లులు పడేలా అరిచాడు ఓనరు. "ప్రత్యక్ష ప్రసారంలో నాటకాలా? వాడు లేస్తాడు. ఎప్పుడూ లేస్తాడు. ఇంజన్ని లేపమను, తాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టమను. ఆ దూకు పడ్డాక పోటీ అయిపోతుంది."

కింద పిడుగు కూడా అదే అంటున్నాడు. "ఒరేయ్, చూస్తావేంట్రా, లేపు నన్ను. తల పట్టుకుని లేపు." పెద్దవాడు చెప్పింది వినడం తప్ప మరొకటి తెలియని ఇంజన్ వంగి, రెండు చేతులూ అతని మెడ కిందికి పోనిస్తున్నాడు.

"ముట్టుకోకు!" అంది చెల్లెమ్మ. ఆ గొంతుకి ఇంజన్ బిగుసుకుపోయాడు.

డాక్టరు రాడు. ఓనరు ఆపడు. అన్నయ్య ఆగడు. ఇంజన్ ఓనరు మాట విన్నా, అన్నయ్య మాట విన్నా ఆ మెడ కదులుతుంది. ఆమె బుర్ర ఎన్నడూ లేనంత స్పష్టంగా పనిచేసింది. ఎవరూ వెనక్కి తీసుకోలేనిది ఒక్కటే ఉంది. గంట. అన్ని ఇళ్ళలో టీవీలు చూస్తుండగా మూడు పూర్తయి గంట మోగితే, ఓనరు తలకిందులుగా తపస్సు చేసినా పోటీ మళ్ళీ మొదలవదు.

ఇంజన్ చెవిలో చెప్పింది. "ఆయన మీద పడుకో. బరువంతా నీ మోచేతుల మీద ఉంచుకో. ఆయనకి నీ చొక్కా కూడా తగలకూడదు."

"అక్కా, గెలవాల్సింది ఆయన. ఓనరు నన్ను చంపేస్తాడు."

"నన్ను చంపమను. పడుకో."

ఇంజన్ మోచేతుల మీద ఆనుకుని పిడుగు మీద గొడుగులా వంగాడు. చెల్లెమ్మ పక్కన బోర్లా పడుకుని అరచేయి పైకెత్తింది. ఆమె ఏం చెయ్యబోతోందో పిడుగుకి అప్పుడు అర్థమైంది.

"వద్దే" అన్నాడు.

ఆమె పరుపు మీద కొట్టింది. ఒకటి.

"ఏం చేస్తున్నావ్! లెక్క ఆపు!" చెవిలో ఓనరు.

రెండు.

రెండు దగ్గర పిడుగు భుజం లేస్తుంది. ఇన్నేళ్ళలో లేవని రోజు లేదు. అది లేస్తుందనే జనం డబ్బిచ్చి వస్తారు. అంతమందీ ఊపిరి బిగబట్టారు. ఆమె చెయ్యి గాల్లో ఉంది. అన్నయ్య మొహం ఆమెకి జానెడు దూరంలో ఉంది. నుదుటి మీద నరం పొంగింది, దవడ బిగుసుకుంది. ఉన్న బలమంతా కూడదీసుకుంటున్నాడు. భుజం మాత్రం పరుపుకి అతికించినట్టే ఉంది. అతని కళ్ళలోకి భయం రావడం ఆమె మొదటిసారి చూసింది. నొక్కానన్న చెయ్యి నొక్కలేదని అతనికి అప్పుడు తెలిసింది.

మూడు.

గంట కొట్టేవాడు అలవాటు కొద్దీ కొట్టేశాడు. హాల్లో చప్పుడన్నది లేదు. ఎక్కడో ఒక ఆడమనిషి "అయ్యో" అనడం రింగు దాకా వినిపించింది. చెల్లెమ్మ చెవిలోని ఇయర్‌ఫోను పీకి పారేసింది. అన్నయ్య తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతుల మధ్యా తల కదలకుండా పట్టుకుంది. పోటీ అయిపోయింది కాబట్టి డాక్టరు ఇప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. స్ట్రెచరు వచ్చింది. అంబులెన్సులోనూ ఆమె చేతులు తియ్యలేదు. దారి పొడుగునా పిడుగు కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిద్రపోకపోయినా.

మెడలో ఎముక జరిగి నరాన్ని నొక్కేసిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్ చేశారు. బయటికొచ్చిన పెద్ద డాక్టరు, "తల పట్టుకుని లేపి ఉంటే మా దాకా వచ్చేవారు కాదు" అన్నాడు. వదిన ఆ మాట విని గోడవారగా నేల మీద కూర్చుంది. చెల్లెమ్మ తల తన ఒళ్ళోకి లాక్కుంది. అప్పటిదాకా చెల్లెమ్మ ఏడవలేదు.

పిడుగు కాళ్ళు ముందు కదిలాయి, కుడిచెయ్యి తర్వాత. ఎడమ చెయ్యి సగమే వచ్చింది. కర్ర పట్టుకుని నడవగలిగాక ఇంటికి తీసుకొచ్చారు. అందరితో మాట్లాడాడు, చెల్లెలితో తప్ప. ఆమె ఎదురుగా ఉన్నా వదినతోనే చెప్పించేవాడు. "ఆ రిఫరీ గారిని భోజనానికి రమ్మను", "ఆ రిఫరీ గారిని ఫ్యాను తగ్గించమను" అంటూ. వదిన కొన్నాళ్ళు అటూ ఇటూ మోసి, "నేనేమన్నా తంతి తపాలా ఆఫీసా?" అని మానేసింది.

ఓనరు ఆమె ఉద్యోగం పీకుతాడనే అందరూ అనుకున్నారు. కానీ పిడుగు ఓడిపోయాడన్న వార్త ఊరంతా పాకిపోయి, ఆ పోటీ తర్వాతి వారం టీవీ చూసినవాళ్ళు ఎన్నడూ లేనంతగా పెరిగారు. పిడుగుని పడగొట్టిన ఆ కుర్రవాడెవరని అందరూ అడగడమే. ఆ మలుపు తానే ఎప్పటినుంచో ఆలోచించి పెట్టానని ఓనరు పత్రికలవాళ్ళతో చెప్పేశాడు. చెప్పాక ఇక చెల్లెమ్మని తీసేస్తే సొంత మాట అబద్ధమైపోతుంది. అందుకని పళ్ళు కొరుక్కుంటూ ఉంచుకున్నాడు. పోస్టర్ల మీదికి ఇంజన్ ఎక్కాడు.

ఒక మధ్యాహ్నం వదిన బజారుకెళ్ళింది. పిడుగు చొక్కా గుండీలతో చాలాసేపు కుస్తీ పట్టి, చివరికి చేతులు వదిలేశాడు. చెల్లెమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే పెట్టడం మొదలెట్టింది. అతను కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"రెండు తర్వాత ఆగావు. ఎందుకు?" అన్నాడు హఠాత్తుగా.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఆగానా?"

"నాకు తెలీదటే నీ లెక్క? ఎప్పుడూ అంతసేపు ఆగవు."

"నువ్వు లేస్తావేమోనని" అంది.

పిడుగు మిగిలిన రెండు గుండీలు కూడా పెట్టించుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నా. ఎలాగైనా లేస్తాననే" అన్నాడు. "ఓడిపోయినందుకు కాదే నాకు. నీ చేతుల్లో ఓడిపోయినందుకు."

"నిన్ను ఇంకెవరి చేతుల్లో పెట్టమంటావన్నయ్యా?"

"కాలరు సరిగ్గా మడవలేదు" అన్నాడు. నేరుగా ఆమెతోనే అన్నాడు.

కొన్నాళ్ళకి టీవీ చూసేవాళ్ళు మళ్ళీ తగ్గారు. ఓనరు మళ్ళీ వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. "రింగులోకి రావొద్దు. కింద బల్ల దగ్గర మైకు పట్టుకుని పోటీ గురించి నాలుగు మాటలు చెప్పు చాలు" అన్నాడు. వదిన మొహం మాడిపోయింది. పిడుగు ఆలోచించి, "కూర్చోడమేగా" అని వెళ్ళాడు.

ఆ సాయంత్రం చెల్లెమ్మ రింగులో ఉంది. ఇంజన్ ఎదుటివాడి దవడ మీద గుద్దాడు. హాలు హాహాకారాలు చేస్తోంది. కింద బల్ల దగ్గర్నుంచి పిడుగు గొంతు, మైకులో, ప్రత్యక్ష ప్రసారంలో, కాస్త చిరాగ్గా వినిపించింది. "అది తగల్లేదండీ. గుద్దుతూ కాలితో పలక తన్నాడు, ఆ చప్పుడు దానిది. మా రోజుల్లో కాలు అంత పైకెత్తేవాళ్ళం కాదు, తెలిసిపోతుంది."

పక్కనున్న వ్యాఖ్యాత నోరు తెరిచేశాడు. "ఆపించు! మీ అన్నయ్యని ఆపించు!" అని చెవిలో ఓనరు గోల. కింద పడున్నవాడు దెబ్బ తిన్నట్టు మొహం పెట్టలేక భుజాలు కుదుపుతూ నవ్వుతున్నాడు. చెల్లెమ్మ కెమెరాకి వీపు తిప్పి పెదవి కొరుక్కుంది.

మరుసటి వారానికి పిడుగు కుర్చీ తీసేశారు. ఓనరు ఇంకో ఊరినుంచి ఇంకో పాత మల్లుణ్ణి వెతికి తెచ్చుకునే పనిలో పడ్డాడు. ఇంట్లో వదిన మాత్రం, అతను మైకులో ఆ మాట అన్న రాత్రే భోజనాల దగ్గర, "మీరు ఇన్నేళ్ళలో ఆ హాల్లో చేసినవాటిల్లో నాకు నచ్చింది ఇదొక్కటే" అంది. పిడుగుకి కోపం వచ్చింది. "నేను అన్నదాంట్లో తప్పేముంది? కాలు అంత పైకెత్తకూడదు" అని, ఎలా ఎత్తాలో చూపించడానికి కర్ర పట్టుకుని లేవబోయాడు. అక్కాచెల్లెళ్ళలా కలిసిపోయిన ఆ వదినామరదళ్ళిద్దరూ ఒకేసారి "కూర్చో", "కూర్చోండి" అని కసిరారు.